పక్షుల లెక్క జనవరితో అయిపోయింది, గూళ్ల కాలం ఇప్పుడే మొదలైంది

ఒడిశా అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది గంజాం జిల్లా ఛత్రపురం. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా తాతది ఆర్యపల్లి, సముద్రం మీద బతికిన మనిషి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఇదీ మా బతుకు. ఈ ఉత్తరం మా తీరం తెలుగువాళ్లు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాను. ఒడియాలో రాసిన ప్రతి మీకు విడిగా పంపుతున్నాను.

ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం అని మా ఊరి తంపర సరస్సు ఒడ్డున కట్టిన బ్యానరు ఇంకా అక్కడే ఉంది. ఒక తాడు ఊడిపోయి గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ రోజు పిల్లలతో ర్యాలీ చేశారు, ఫొటోలు తీశారు, మంచి మాటలే చెప్పారు. ఆ తరవాత ఇప్పుడు చైత్రం వచ్చేదాకా పిట్టల కోసమని ఆ గట్టు మీదకి వచ్చిన ఆఫీసరు ఒక్కరూ నాకు కనబడలేదు. నేను రోజూ పొద్దున్నే అక్కడే నడుస్తాను.

జనవరిలో చిలిక సరస్సులో పక్షుల్ని లెక్కపెడతారు. కొన్నేళ్లుగా ఆ లెక్క 10 లక్షలు దాటుతోంది. పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది, మాకూ గర్వంగానే ఉంటుంది. కానీ లెక్క ముగిసిన మర్నాటి నుంచే కాపలా పలచబడిపోతుంది. అయ్యా, నేను మీకు చెప్పుకోవాలనుకున్నది ఒక్కటే. మాఘం దాటిన తరవాతే పక్షులకు మన అండ ఎక్కువ కావాలి.

వెళ్లిపోయే పక్షుల సంగతి ముందు చెబుతాను. సూదితోక బాతులు, పట్టెతల బాతులు ఫాల్గుణంలో తిండి మీద పడతాయి. దారిలో బలానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. పట్టెతల బాతులు హిమాలయాల మీదుగా టిబెట్టు, మంగోలియా దాకా పోవాలి. అలాంటి సమయంలో మోటారు పడవ చప్పుడుకి రోజుకి పదిసార్లు లేచి ఎగరాల్సి వస్తే, దాచుకున్న కొవ్వంతా ఇక్కడే కరిగిపోతుంది. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న గాడ్విట్లు, అంటే పొడుగు ముక్కుతో బురదలో మేసే పిట్టలు, వెళ్లే ముందు ఇటుక రంగు తిరుగుతాయి. పెళ్లివారిలా తయారై బయలుదేరతాయి. ఆ పది రోజులూ వాటిని చూడటానికి వచ్చే టూరిస్టులు తక్కువ, అదొక్కటే వాటి అదృష్టం.

ఇక వెళ్లనివి ఉన్నాయి. ఎండలు ముదురుతుంటే గూడు కట్టేవి అవే, నా బాధంతా వాటి గురించే. తీతువు పిట్ట ఒట్టి నేల మీద నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్లు రాళ్లలాగే ఉంటాయి, కాలు పడేదాకా కనబడవు. ఎండ మరీ ఎక్కువైతే ఆ పిట్ట నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మునుగుడు కోడి నాచుతో, రెల్లుతో నీటి మీద తేలే గూడు కడుతుంది. లేచి వెళ్లేటప్పుడు గుడ్లు కనబడకుండా నాచు కప్పి పోతుంది. తామరాకుల మీద నడిచే జకానాల్లో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపక్షి. ఇవన్నీ పుస్తకాల్లో చదివి పిల్లలకు చెప్పాను. కళ్లారా చూసింది మాత్రం రిటైరయ్యాకే, మా ఊరి సరస్సులోనే.

పోయిన ఏడాది చైత్రంలో ఒక మంగళవారం. తారాతారిణి జాతర చూసుకుని తిరిగి వెళ్లే జనం తంపర దగ్గర ఆగారు. ఒక స్పీడ్ బోటు రెల్లు పక్కనుంచి గుండ్రంగా తిరిగింది. దాని అల వచ్చి, పదిహేను రోజులుగా నేను చూస్తున్న మునుగుడు కోడి గూటిని పక్కకి ఒరగేసింది. గుడ్లు జారిపోయాయి. ఆ పక్షి చాలాసేపు అక్కడక్కడే మునుగుతూ, తేలుతూ తిరిగింది. బోటు నడిపిన కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే. "టీచరమ్మా, అక్కడ గూడుందని నాకెవరు చెప్పారు? తెలిస్తే అటు తిప్పుతానా?" అన్నాడు. వాడి మాట నిజం. అక్కడున్న బోర్డు ఒడియాలో, ఇంగ్లీషులో చెత్త వేయొద్దని చెబుతుంది. గూళ్ల గురించి ఏ భాషలోనూ ఒక్క ముక్క లేదు. వాడు మాట్లాడేదీ, వాళ్లమ్మ మాట్లాడేదీ తెలుగు.

తంపర అంటే 300 హెక్టార్ల మంచినీటి సరస్సు. ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పేర్లుండే రామ్‌సర్ జాబితాలో 2021 అక్టోబరులో చేరింది. 60 రకాల పక్షులు, 46 రకాల చేపలు ఉన్నాయని, ఏడాదికి సగటున 12 టన్నుల చేప దొరుకుతుందని ఆ జాబితాలోనే రాశారు. ప్రమాదంలో ఉన్న పక్షులుగా చెప్పిన వాటిలో నీటి మీద ఎగురుతూ చేపలు పట్టే రివర్ టెర్న్ ఒకటి. అది వేసవిలో నదుల్లో నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు తేలినప్పుడు, ఆ ఇసుక మీదే గుడ్లు పెట్టే పక్షి. తంపర పక్కనే ఋషికుల్య నది ఉంది. ఇసుక ట్రాక్టర్లు దిగేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. ఏ పక్షి పేరు చెప్పి మన సరస్సుకి ప్రపంచంలో పేరొచ్చిందో, ఆ పక్షి గుడ్లు పెట్టే వేళకి కాపలా లేకపోతే ఎలాగండీ?

మార్గం మీ రాష్ట్రంలోనే ఉంది. చిలిక ఉత్తరపు ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఈరోజు వాటిని కాస్తున్నారు. అక్కడ రెల్లులోకి వెళ్లే పడవలకి మోటారు ఉండదు, వెదురు గెడతో నెడతారు. చూడ్డానికి వచ్చినవాళ్లకి పక్షులు ఇంకా దగ్గరగా కనబడతాయి. పడవవాడి కూలీ పోలేదు. తంపరలోనూ, రంభ ఊరి వైపు చిలికలోనూ మార్చి నుంచి జూన్ దాకా రెల్లు దరిదాపుల్లో గెడ పడవలే తిరగాలని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. బోట్లవాళ్ల పొట్ట కొట్టమని అడగడం లేదు. సరస్సు నడిమధ్య వాళ్లు తిరగొచ్చు.

రెండో మాట కాపలాదారుల గురించి. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తాబేళ్ల కోసం మా తీరం కుర్రాళ్లు రాత్రుళ్లు మేలుకుంటారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ చుట్టుపక్కల చేపల వేటకు నిషేధం ఉంటుంది, అన్నాళ్లూ ఆ కష్టం మోసేదీ మావాళ్లే. తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చే రోజులు, పక్షులు పొదిగే రోజులు దాదాపు ఒకటే. అదే కుర్రాళ్లని పక్షులకు కూడా కాపలా పెట్టి, ఫిబ్రవరితో ఆపకుండా జూన్ ఆఖరిదాకా జీతం ఇప్పించండి. పక్షి ఎక్కడ కూర్చుందో, ఎప్పుడు లేచిందో వాళ్లకి తెలిసినంతగా బయటినుంచి వచ్చినవాళ్లకి తెలియదు. వేట లేని నెలల్లో ఆ ఇళ్లలో పొయ్యి వెలగడం కూడా కావాలి కదా.

రెల్లు కోతలూ, తగలబెట్టడాలూ ఆ నాలుగు నెలలు ఆపించండి. ఒడ్డున తిరిగే కుక్కల బెడద గురించి మునిసిపాలిటీకి రాసిన ఉత్తరానికి నాకు జవాబు రాలేదు. మీరు రాస్తే వస్తుందేమో.

బోర్డులు తెలుగులో కూడా పెట్టించండి. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అప్పటికే ఈ తీరంలో మా తాతముత్తాతలు వలలు వేస్తున్నారు. ఆ రోజు జరిపే ఒడిశా అవతరణ పండగ ఉత్కళ దివస్‌కి మా బడిపిల్లలు కూడా పాటలు పాడతారు. ఇది భాషల తగువని అనుకోవద్దు. సరస్సు మీద రోజూ ఉండే మనిషికి అర్థమయ్యే మాటలో "ఇక్కడ గుడ్లు ఉన్నాయి, దూరంగా వెళ్లండి" అని రాయమంటున్నాను. ఆ వాక్యాలు రాసిపెట్టే పని నాకు అప్పగించండి, సంతోషంగా చేస్తాను.

వీలైతే ఈ చైత్రంలో ఒక రోజు మీరే తంపరకి రండి. జాతర రద్దీ ఉండే మంగళవారం వద్దు, బుధవారం రండి. సూర్యుడు సరుగుడు తోటల పైకి రాకముందే వస్తే, తూర్పు గట్టు కింద రెల్లు అంచున ఈ ఏడాది మళ్లీ కట్టిన గూడు ఒకటి చూపిస్తాను. బైనాక్యులర్ నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఛత్రపురం నుంచి ఒక రిటైర్డ్ టీచరు