పర్సంటేజీ పెరిగితే పవర్ పెరిగినట్టు కాదు

సంపాదకుడికి నమస్కారం.

ఆడవాళ్లకు యోనిలో ఈస్ట్ అనే ఫంగస్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ గురించి ఎవరూ పైకి మాట్లాడరు. అందుకే దాని మందుల మీద అపోహలు ఎప్పటికీ తీరవు. ఫార్మసిస్టుగా నేను తరచూ వినే మాట: "ఇది కాదండీ, ఇంకాస్త పవర్ ఉన్నది ఇవ్వండి." గొంతు తగ్గించి అడుగుతారు, క్రీమ్ డబ్బా తిప్పి మందు 1 శాతం అన్నచోట వేలు పెట్టి చూపిస్తారు. 2 శాతమైతే రెట్టింపు పనిచేస్తుందని, డాక్టర్ చీటీ మీద ఇచ్చేది అంతకన్నా గట్టిదని వాళ్ల నమ్మకం.

లెక్క వేసి చూద్దాం. ఈ ఇన్ఫెక్షన్‌కు వాడే క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ రోజుకు 5 గ్రాముల చొప్పున 7 రోజులు లోపల వాడితే మొత్తం మందు 350 మిల్లీగ్రాములు. 2 శాతం క్రీమ్ 3 రోజులే కాబట్టి 300. మైకోనజోల్ అనే ఇంకో మందు కూడా ఇంతే: 2 శాతంతో 7 రోజులకు 700, 4 శాతంతో 3 రోజులకు 600. అంకె పెరిగితే కోర్సు పొట్టిదవుతోంది, అంతే. ఇక అమెరికాలో చీటీ ఉంటేనే ఇచ్చే టెర్కొనజోల్ క్రీమ్ ఎంత శాతమో తెలుసా? 0.4, 0.8! ఒక మందు శాతాన్ని ఇంకో మందు శాతంతో పోల్చడంలో అర్థమే లేదు. మామూలు ఈస్ట్ ఇన్ఫెక్షన్ అయితే, అజోల్ అనే ఈ రకం మందుల కోర్సు పూర్తి చేసినవాళ్లలో నూటికి 80 నుంచి 90 మందికి తగ్గిపోతుంది.

మరి తగ్గనివాళ్ల సంగతి? రెండు రాత్రులు వాడి, దురద తగ్గగానే ట్యూబు పక్కన పడేసేవాళ్లు కొందరు. అసలు జబ్బే వేరైనవాళ్లు ఇంకొందరు. అమెరికాలో తమంతట తామే ఇలాంటి మందు కొనుక్కున్న 95 మందిని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. అచ్చంగా ఈస్ట్ ఇన్ఫెక్షనే ఉన్నది దాదాపు మూడోవంతు మందికి. మిగతావాళ్లలో చాలామందికి బ్యాక్టీరియా వల్ల యోనిలో వచ్చే వజైనోసిస్ లాంటి వేరే సమస్యలు. వాటికి ఫంగస్ క్రీమ్ ఎన్ని శాతాలున్నా పనిచేయదు. ఈస్ట్‌లోనే కాండిడా గ్లాబ్రాటా అనే రకమైతే ఈ అజోల్ మందులకు సరిగ్గా లొంగదు. స్టెరాయిడ్ కలిపిన క్రీములది ఇంకో గోల: దురద తగ్గించి, లోపల ఫంగస్‌ను పెరగనిస్తాయి.

కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది గట్టి క్రీమ్ కోసం కాదు, జబ్బేమిటో తేల్చుకోవడానికి. మొదటిసారి వచ్చినా, ఏడాదిలో మూడుసార్లు తిరగబెట్టినా, తెల్లబట్టకు దుర్వాసన ఉన్నా, పొత్తికడుపు నొప్పో జ్వరమో తోడైనా సొంత వైద్యం వద్దు. షుగర్ ఉన్నవాళ్లు కూడా చూపించుకోవాలి. గర్భిణులకు 7 రోజుల క్రీమే సరైనది. నోటితో మింగే ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందును వాళ్లు సొంతంగా వేసుకోకూడదు.

కంపెనీలకు నా విన్నపం: డబ్బా మీద శాతం కన్నా "ఎన్ని రోజులు" అన్నది పెద్దక్షరాల్లో వేయండి. తోటి ఫార్మసిస్టులు ట్యూబు చేతికిచ్చే ముందు "ఇంతకుముందు డాక్టర్ చూసి చెప్పారా? గర్భంతో ఉన్నారా?" అని నెమ్మదిగా అడగాలి. అడిగితే నొచ్చుకుంటారేమోనని మనమే మొహమాటపడుతున్నాం, వాళ్లు మాత్రం చక్కగా జవాబు చెబుతారు. మీ ఆరోగ్యం పేజీలో కూడా ఈ లెక్కను ఒకసారి పట్టికగా వేయగలరా?

— ఒక ఫార్మసిస్టు