చెరువు కట్ట మీద నువ్వు చూసిన దీపాలు

సాలిగ్రామం, చెన్నై
ఆదివారం రాత్రి, పదకొండు దాటింది

ఒరేయ్ సూరీ,

ఎట్టుండావు? అమ్మ మోకాళ్లు ఎట్టుండాయి? ఫోన్ చేస్తే తీరిపోయే సంగతే గానీ, ఇది ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో నవ్వుతావు, నువ్వు నవ్వితే నాకు మాట తప్పిపోద్ది. అందుకని ఉత్తరం. నిదానంగా చదువు. పగటి పూట చదువు.

నువ్వు పంపిన వీడియో చూశా. ఎన్నిసార్లు చూశానో మీ చెల్లెల్ని అడుగు, లెక్క చెప్తుంది. చెరువు కట్ట, కప్పల గోల, పైన ముత్యాల దండ జారిపోతున్నట్టు వరసగా దీపాలు. వెనక నీ గొంతు: “ఒరే ఇదేందిరా, ఇదేందిరా, ఇదేందిరా!” ఎరువుల కొట్టు యజమానివి, ఇద్దరు పిల్లల తండ్రివి, గొంతు మాత్రం తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారు బెత్తం ఎత్తినప్పటిదే.

ముందు నీ భయం తీరుస్తా. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు అయ్యుండాలి. అమెరికాలో స్పేస్‌ఎక్స్ కంపెనీవాళ్లు ఒకే రాకెట్లో పదుల కొద్దీ ఎక్కించి పంపిస్తారు. 2019 మేలో మొదటి విడతగా 60 పంపారు. వదిలిన కొత్తలో అన్నీ చీమల బారులాగా ఒకదాని వెనక ఒకటి పోతాయి, తర్వాత మెల్లగా పైకెక్కి దేని దారి అది పడతాయి. కింద మనకు పొద్దు గూకినా అంత ఎత్తులో వాటి మీద ఎండ పడతానే ఉంటది. ఆ ఎండే నీ దీపం. 2021 డిసెంబర్లో పంజాబ్‌లో జనం ఇట్టాగే నోళ్లు తెరుచుకుని చూశారు. మరుసటి డిసెంబర్లో బెంగాల్ ఆకాశంలో ఇంకో వింత వెలుగు కనబడి గ్రహాంతరవాసులొచ్చారని ఒకటే గోల. తీరా చూస్తే మనవాళ్లు ఒడిశా తీరం నుంచి వదిలిన అగ్ని-5 క్షిపణి.

అయినా అడుగుతా, పైన వెలుగు చూసి జడుసుకోవడం మన ఊరివాళ్లకు తగునా? పులికాట్‌కు ఇవతల మనం, అవతల శ్రీహరికోట. ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు, నా నోటికి నెల్లూరు జిల్లానే వస్తది. 1993 సెప్టెంబర్ 20 గుర్తుందా? మొదటి పీఎస్ఎల్వీ. బడి మొత్తం గ్రౌండ్లో నిలబడింది. పొద్దున పదిన్నర దాటాక చెట్ల పైనుంచి నిప్పుల గుత్తి లేచింది, కాసేపటికి కిటికీ రెక్కలు గడగడలాడినాయి, మనం గొంతులు చించుకున్నాం. సాయంత్రం రేడియోలో చెప్పారు, అది బంగాళాఖాతంలో పడిపోయిందని. నువ్వప్పుడు ఏడ్చావు. లేదని చెప్పబాక, నేను పక్కనే ఉండా.

ఆకాశంలో వెలుగు లేస్తే చప్పట్లు కొట్టే ఊరు మనది. ఇక్కడ చెన్నైలో కూడా అంతే. 2024 డిసెంబర్ 30 రాత్రి పది గంటలకు శ్రీహరికోట నుంచి స్పేడెక్స్ ఉపగ్రహాల్ని (పైన ఒకదానికొకటి అతుక్కునే జంట) పంపినప్పుడు మా వీధిలో మొట్టమాడి ఖాళీ లేదు (మేడ పైభాగాన్ని ఇక్కడ అట్టా అంటారు, పదేళ్లయ్యేసరికి నా నాలుకకూ అంటుకుంది). ఉత్తరం దిక్కున నారింజ రంగు చుక్క లేస్తుంటే ఎదురింటి కుర్రాడు కొత్త సినిమా మొదటాటకు కొట్టినట్టు ఈల కొట్టాడు. మా పాప చెయ్యి ఊపింది, రాకెట్టుకు.

ఇట్టాంటి ఊళ్లో పుట్టిన నేను నెల రోజులుగా రాత్రిపూట హాల్లో లైటు ఆర్పడం మానేశా. అసలు సంగతి అది. నవ్వు, ఇప్పుడు నవ్వుకో.

దీనికంతా మూలం గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకుపోయే సినిమాలు. ఆఫీసులో ఒకడు ఎక్కించాడు ఈ పిచ్చి. నెలలో పదికి పైగా చూసుంటా. అందులో సగానికి పైగా చెత్త, వాటి జోలికి నిన్ను తీసుకుపోను.

స్పీల్‌బర్గ్ 1977లో తీసిన ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ భయపెట్టే సినిమా అని ఎవరూ అనరు. అది ఒక రకంగా తీర్థయాత్ర. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గర హాల్ అనే ఊళ్లో తీసిన ముక్క కూడా ఉంది అందులో. వందల మంది మనవాళ్లు కూర్చుని రాగం అందుకుంటా ఉంటారు. ఆ శబ్దం ఎక్కణ్ణించి వచ్చిందయ్యా అని అడిగితే అన్ని చేతులూ ఒక్కసారిగా ఆకాశానికి లేస్తాయి. గోవింద అన్నట్టే ఉంటది. కానీ అదే సినిమాలో ఒక తల్లీ, చిన్న పిల్లాడూ ఒంటరి ఇంట్లో ఉంటారు. తలుపు సందుల్లోంచి నారింజ వెలుగు దూరతది. ఆమె తలుపులు మూస్తది, కిటికీలు మూస్తది. అప్పుడు నేల మీద గాలి వచ్చే జల్లెడ రేకుంటది కదా, దాని మరలు వాటంతటవే తిరగడం మొదలుపెడతాయి. మెల్లగా. ఒక్కొక్కటీ. ఎవరూ కనబడరు. అక్కడే నా పని అయిపోయింది. వెలుగు ఆకాశంలో ఉన్నంతసేపూ అది రాకెట్టే. మన గడప దాటిందా, ఇంకేదో.

ఎం. నైట్ శ్యామలన్ ‘సైన్స్’ (Signs, అంటే గుర్తులు; 2002) కూడా అంతే. మనిషి పుట్టింది మన మాహేలోనేలే. పొలంలో పైరు పడుకోబెట్టిన గుండ్రటి గీతలు నన్ను కదిలించలేదు. మన వరి పొలంలో గాలివానకు అంతకంటే పెద్ద గీతలే పడతాయి. టీవీలో ఎవరిదో పిల్లల పుట్టినరోజు వీడియో వేస్తారు చూడు, పిల్లలు కేకలేస్తుంటే సందు చివర ఒకటి అట్టా నడిచిపోతది, రెండు సెకన్లు. నీ వీడియో లాగే చెయ్యి వణికిన వీడియో. చివర్లో దాన్ని ఇంట్లోకి తెచ్చి నిలబెట్టి చూపించారు, సప్పగా అయిపోయింది.

అన్నింటిలోకీ నన్ను తినేసింది ‘ఫైర్ ఇన్ ది స్కై’, 1993ది. రాకెట్టు సముద్రంలో పడ్డ సంవత్సరమే. ట్రావిస్ వాల్టన్ అనే అతని మాట మీద తీశారు. 1975 నవంబర్ 5న అరిజోనా అడవిలో చెట్లు నరికే ఏడుగురు సాయంత్రం బండిలో తిరిగొస్తుంటే చెట్ల మధ్య వెలుగు కనబడింది. ఇతను దిగి దగ్గరికి పోయాడు. ఏదో తగిలి ఎగిరి పడ్డాడు. మిగతా ఆరుగురూ బండి తోలుకుని పారిపోయారు. తిరిగొస్తే మనిషి లేడు. అయిదు రోజుల తర్వాత దొరికాడు. ఇదీ వాళ్లు చెప్పింది. నమ్మనివాళ్లు బోలెడంత మంది ఉన్నారు, అది వేరే కథ.

సినిమాలో ముప్పాతిక భాగం ఆ ఆరుగురి అవస్థే. ఊరంతా వాళ్లను హంతకుల్లాగా చూస్తది. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయినట్టు ఉంటది చూడు, వీళ్లు లోపలికొస్తే అట్టా ఆగిపోతాయి. నిజం చెప్పినా నేరమే, చెప్పకపోయినా నేరమే. మన రచ్చబండ దగ్గర కూర్చున్నట్టే ఉంది నాకు. ఇక చివర్లో, ఎత్తుకుపోయాక లోపలేం జరిగిందో చూపిస్తారు. చల్లగా మెరిసే శుభ్రమైన గదులేం ఉండవు. జిగురు, మురికి, తేనెపట్టులాంటి గూళ్లు. వాణ్ణి బల్ల మీద పడేసి పలచటి రబ్బరు దుప్పటి లాంటిది మొహం మీద బిగదీస్తారు. కన్ను ఒక్కటే బయటికి. ఆపైన సూది. నేను లేచి ఫ్యాన్ ఆపి మళ్లీ వేశా, ఎందుకో నాకే తెలీదు.

తమాషా ఏందంటే ఆ భాగం వాల్టన్ చెప్పిందే కాదు. ఆయన చెప్పిన కథ వేరే, పెద్ద కళ్ల పొట్టివాళ్లూ, తర్వాత మనుషుల్లాగే ఉన్నవాళ్లూ కనబడ్డారంటాడు. సినిమావాళ్లకు అది చాల్లేదు, సొంతంగా అల్లుకున్నారు. అల్లిందే నన్ను పట్టుకుంది.

2009లో వచ్చిన ‘ది ఫోర్త్ కైండ్’ చూడబాక. అలాస్కాలో నోమ్ అనే ఊళ్లో మనుషులు మాయమయ్యారు, ఇదిగో అసలు వీడియోలు అని తెర సగానికి చీల్చి చూపిస్తారు. ఆ “అసలు” వీడియోలు కూడా వాళ్లు తీయించుకున్నవే. ఆ ఊళ్లో నిజంగానే మనుషులు తప్పిపోయారు, ఎఫ్‌బీఐ పోయి వెతికి, జాస్తిగా తాగుడూ చలీ కారణమని తేల్చింది. చచ్చిపోయినవాళ్ల ఇళ్లల్లో ఏడుపు ఇంకా ఆరకముందే టికెట్లు అమ్ముకోవడం నాకు నచ్చలా.

ఇప్పుడు నా సంగతి. పోయిన మంగళవారం రాత్రి మూడింటప్పుడు మెలకువ వచ్చింది. కళ్లు తెరుచుకున్నాయి, ఒళ్లు కదల్లేదు. వేలు కూడా. గోడ మీద నీలం వెలుగు టపటపా కొట్టుకుంటా ఉంది. బీరువా పక్కన ఒకడు నిలబడుండాడు. గుండెల మీద బియ్యం బస్తా పెట్టినంత బరువు. పక్కనే మీ చెల్లెలు, పిలుద్దామంటే గొంతులోంచి గాలి కూడా రాదు. ఎంతసేపో చెప్పలేను. నాకు అయిదు రోజుల లెక్క అనిపించింది. చివరికి కాలి బొటనవేలు కదిలింది, అంతా పోయింది. బీరువా పక్కన ఉన్నది తగిలించిన రెయిన్‌కోటు. వెలుగు మాత్రం నిజమే. వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంట్లో రాత్రి వెల్డింగ్.

పొద్దున మా వాచ్‌మన్ పెద్దాయనకు చెప్తే, “అముక్కువాన్ పేయ్ సార్” అన్నాడు, చూడకుండానే జబ్బు చెప్పే పాతకాలపు డాక్టర్ లాగా. అదిమిపెట్టే దయ్యం అని. మా అవ్వ “గుండెల మీద దయ్యం కూచుంది” అనేది చూడు, అదే. తలకింద ఇనుప ముక్క పెట్టుకోమనేది. డాక్టర్లు చెప్పేది ఇంకోటి. కలలొచ్చే నిద్రలో మనం కాళ్లూ చేతులూ ఆడించకుండా మెదడు కండరాలకు తాళం వేస్తది. ఒక్కోసారి మనిషి ముందు లేస్తాడు, తాళం తర్వాత ఊడతది. ఆ మధ్యలో కల కళ్ల ముందే నడుస్తది. గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద బరువు ఉన్నట్టు. ఎత్తుకుపోయారని చెప్పుకునేవాళ్ల కథలు చాలావరకు ఇక్కడ మొదలైనవే అంటారు. మంచం, మెలకువ, కదలని ఒళ్లు, వెలుగు. నాకైతే నమ్మకం కుదిరింది. మా అవ్వకు గ్రహాంతరవాసులు ఎక్కి తిరిగే పళ్లెం ఓడల సంగతి తెలీదు కాబట్టి దయ్యం వచ్చింది. నేను నెలంతా ఆ సినిమాలే చూశా కాబట్టి నాకు వీళ్లొచ్చారు.

అమెరికాలో బెట్టీ, బార్నీ హిల్ అని ఒక జంట. 1961 సెప్టెంబర్లో రాత్రి కార్లో ఇంటికొస్తూ వెలుగు చూశారు. రెండు గంటల కాలం ఎట్టా పోయిందో గుర్తు లేదన్నారు. 1964లో ఒక డాక్టర్ హిప్నాసిస్ చేస్తే ఎత్తుకుపోయిన కథ బయటికొచ్చింది. దాన్ని టీవీ సినిమాగా 1975 అక్టోబర్ 20న వేశారు. వాల్టన్ అడవిలో మాయమైంది ఎప్పుడు? నవంబర్ 5. పదహారు రోజులు. నేనేం అనడంలా, వేళ్ల మీద లెక్కపెట్టానంతే.

భయం పోగొట్టుకోడానికి మా పాపను పక్కన కూచోబెట్టుకుని ‘కలై అరసి’ చూశా. 1963లో వచ్చిన అరవ సినిమా, ఎమ్జీఆర్, మన భానుమతి. నువ్వు నమ్మవు, అది కూడా ఎత్తుకుపోయే కథే! వేరే గ్రహంలో సైన్సు బ్రహ్మాండంగా ఉంది, పాటే లేదు. పాట నేర్పించుకోడానికి భూమ్మీద వెతికి వెతికి భానుమతిని పళ్లెం ఓడలో పట్టుకుపోతారు. సూది లేదు, జిగురు లేదు. మా పాప ఒకటే నవ్వు. ఆ గొంతును ఎత్తుకుపోవాలనుకోవడంలో వాళ్ల తప్పేముంది చెప్పు. మా ఇంటి నుంచి నాలుగు సందులు తిరిగితే ఆమె కట్టిన భరణీ స్టూడియో ఉన్న చోటు. కూరగాయలకు పోయినప్పుడల్లా అటు చూస్తున్నా ఇప్పుడు.

వచ్చే ప్రయోగం రాత్రిపూట పడితే పిల్లల్ని తీసుకుని ఇక్కడికి రా. లేదంటే మేమే వస్తాం, కట్ట మీదే కూర్చుందాం. అమ్మనడిగి కాసిని ఉప్పు చేపలు పంపు, ఇక్కడ దొరికేవి నోట్లో పెట్టేట్టు లేవు.

ఉంటా,
నీ రఘు

తా.క. వీడియో ఇంకోసారి చూశా. దండ జారిపోయాక, చివరి నాలుగు సెకన్లలో, తుమ్మచెట్ల పైన ఒక చుక్క ఉంది. ఎర్రగా. మిగతావి పోయినా అది పోలా. కొత్తగా సెల్ టవర్ ఏమన్నా వేశారా అక్కడ? పొద్దున పోయి చూసి చెప్పు. రాత్రి మాత్రం పోబాక.