ఆ నక్షత్రాలు ఏ రికార్డుకు?

సంపాదకులకు,

పాత రాక్ ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) పునర్ముద్రణల మీద మీ సంగీత పేజీలో వస్తున్న సమీక్షలు వదలకుండా చదువుతున్నాం. అట్ట ఎంత బాగుందో, పళ్లెం 180 గ్రాములు తూగుతుందో, పైన 'ఒరిజినల్ టేపుల నుంచి' అని స్టిక్కర్ ఉందో లేదో రాస్తున్నారు. చివర్లో 'శబ్దం వెచ్చగా ఉంది' అని ఒక ముక్క, పక్కన నాలుగు నక్షత్రాలు. విన్నది ఏ ముద్రణో, ల్యాకర్ (పాటను గాడిగా కోసే మొదటి నమూనా పళ్లెం) ఎవరు కోశారో, ప్లేయర్‌లో ఏ ముల్లుతో విన్నారో మాత్రం ఎక్కడా లేదు. ఒకే ఆల్బమ్ యాభై ఏళ్లలో పదుల రకాలుగా అచ్చయిన చోట, ఇది ఊరు పేరు చెప్పకుండా ఎండ ఎంత ఉందో చెప్పినట్టుంది.

ముందు ఆ 180 గ్రాముల సంగతి తేల్చేద్దాం. గాడి ఎంత లోతు ఉండాలన్నది ల్యాకర్ కోసేటప్పుడే తేలిపోతుంది. స్టాంపరు, అంటే ఆ ల్యాకర్ నుంచి తీసిన లోహపు అచ్చు, అదే ఆకారాన్ని అచ్చుగుద్దుతుంది. కింద ప్లాస్టిక్ 130 గ్రాములున్నా 180 ఉన్నా ముల్లుకు తెలియదు. దళసరి పళ్లెం వంగదంటారు. ప్రెస్సులో సరిగ్గా చల్లారనిచ్చి తీస్తేనే అది నిజం. తొందరపడి తీస్తే బరువు రికార్డే గిన్నెలా లేస్తుంది. కాబట్టి బరువుకు మార్కులు వేయకండి.

మార్కులు వేయదగ్గ సమాచారం పాట ముగిశాక లేబుల్ దాకా ఉండే నున్నటి మెరుపు పట్టీలో ఉంది. టార్చి వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని పళ్లెం తిప్పండి. కేటలాగ్ నంబరు, దాని వెనక ఏ ల్యాకరో చెప్పే అంకె, కొన్నిసార్లు కోసిన ఇంజనీరు పొడి అక్షరాలు కనిపిస్తాయి. బాబ్ లుడ్విగ్ అయితే 'ఆర్ఎల్', క్రిస్ బెల్‌మన్ 'సీబీ', కెవిన్ గ్రే 'కేపీజీ'. లండన్‌లో జార్జ్ పెక్‌హామ్ అయితే 'పోర్కీ' అని చిలిపిగా గీకేవాడు.

ఈ అక్షరాల విలువ తెలియాలంటే లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం రెండో ఆల్బమ్ ఒక్కటి చాలు. 1969లో లుడ్విగ్ దాన్ని గట్టి స్థాయిలో (శబ్దం బిగ్గరగా వచ్చేలా), బేస్ తగ్గించకుండా కోశాడు. చౌక ప్లేయర్ల మీద ముల్లు గాడిలోంచి ఎగిరిపోతోందని కంపెనీ స్థాయి తగ్గించి మళ్లీ కోయించింది. అట్ట అదే, పాటలు అవే, సంవత్సరమూ అదే. డ్రమ్ము దెబ్బ మాత్రం రెండింటిలో ఒకటి కాదు. 'అసలు ముద్రణ కంటే మెరుగు' అని రాసేటప్పుడు ఈ రెండింటిలో ఏది అసలో చెప్పాలి కదా! ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒక వైపు ల్యాకర్ పాడైతే ఆ వైపు మాత్రమే మళ్లీ కోయిస్తారు. అందుకని రెండు వైపులా చూడాలి.

ఎవరు కోశారన్నది పట్టీ చెబుతుంది. దేన్నుంచి కోశారన్నది చెప్పదు. బీటిల్స్ స్టీరియో ఎల్పీలు 2012లో డిజిటల్ ఫైళ్ల నుంచి వచ్చాయి. 2014 నాటి మోనో పెట్టె అనలాగ్ టేపుల నుంచి కోసింది. రెండూ ఒకే అంగట్లో పక్కపక్కన ఉండేవి. మొబైల్ ఫిడెలిటీ అనే పునర్ముద్రణల కంపెనీ వ్యవహారం ఇంకా చురుక్కుమనేది. టేపు నుంచి నేరుగా కోసినవని కొనేవాళ్లంతా నమ్మిన ఆ ఖరీదైన పళ్లేల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో బయటపడింది. కోర్టు కేసు పడి, రాజీతో ముగిసింది. అప్పటిదాకా వాటిని ఆకాశానికెత్తిన చెవులు ఆ మెట్టును పట్టుకోలేదు. దీన్నుంచి మాకు తోచేది ఇది: డిజిటల్ అయినంత మాత్రాన శబ్దం చెడదు, 'అచ్చమైన అనలాగ్' అన్న మాట చూసి చెవి బాగుందని చెప్పేస్తుంది. తేడా ఎక్కువగా వచ్చేది వేరే చోట. వాడింది మొదటి స్టీరియో మాస్టరా (ఖరారు చేసిన అసలు టేపా), దాని నకలుకు నకలా? దాని మీద బేస్, ట్రెబుల్ ఎంత పెంచారు? గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడాను ఎంత నొక్కి బిగించారు? టేపును నకలు తీసిన ప్రతిసారీ హిస్ (టేపు సొంత సన్నని రొద) పెరుగుతుంది, డ్రమ్ముల పక్కన మోగే తాళాల (సింబల్స్) చురుకు మొద్దుబారుతుంది.

ఇది ఇంట్లోనే చాలావరకు పసిగట్టవచ్చు. ముల్లు దించాక మొదట వినిపించేది వినైల్ గరగర ఒక్కటే. పాట మొదలయ్యే ముందు దాని మీద సన్నగా ఇంకో పొర, గాలి వదిలినట్టు 'స్‌స్' అని చేరుతుంది. అది టేపు హిస్. పాటల మధ్య అది ఠక్కున ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు. అసలు టేపుల్లోనే పాటకూ పాటకూ మధ్య శబ్దం లేని లీడర్ ముక్క అతికించి ఉండేది. చూడాల్సింది పాట మెల్లగా తగ్గి మాయమయ్యే చివరి పది సెకన్లు. మంచి ప్రతిలో తాళం మోత హిస్ లోపలికి దిగి, కాసేపు దాని కింద కూడా వినిపించి పోతుంది. హిస్ తుడిచేసిన ప్రతిలో మోత తోక తెగినట్టు ఆగుతుంది, లేదా నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడలాడుతుంది. ఒరిజినల్ పక్కన పెట్టి ఈ పది సెకన్లు వింటే, మొత్తం ఆల్బమ్ వింటే తెలియనిది తెలుస్తుంది.

పాట మొదలవకముందే అదే పాట చిన్నగా వినిపించడం ఇంకో ఆనవాలు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. ముందస్తు ప్రతిధ్వని కచ్చితంగా 1.8 సెకన్ల ముందు వస్తే, పక్క గాడి గోడ ఒరిసి వచ్చిందని అనుమానించవచ్చు. అది కోతలోని లోపం. టేపు చుట్టలో పక్క పొర మీదికి అయస్కాంతం ఎక్కడం వల్ల వచ్చేదానికి అలా స్థిరమైన వ్యవధి ఉండదు. చుట్ట తరిగేకొద్దీ అది మారుతుంది. ఇందాకటి జెప్పెలిన్ ఆల్బమ్ మొదటి పాటలో గొంతుకు ముందు వినిపించే నీడ గొంతు సీడీలోనూ ఉంది. దానికి ఎల్పీ ముద్రణను తిట్టి లాభం లేదు.

రెండు ముద్రణలు పోల్చేటప్పుడు అందరూ జారేది స్థాయి దగ్గర. రెండు కోతల మధ్య రెండు మూడు డెసిబెల్స్ తేడా ఉండటం మామూలే. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా చెవి దాన్నే 'మెరుగు' అంటుంది. రెండింటినీ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒకే పాటలో ఒకే ముప్పై సెకన్ల సగటు స్థాయి 0.2 డెసిబెల్ లోపుకు సమం చేసి, ఏది ఏదో తెలియకుండా వేరొకరితో మీట నొక్కించండి. తీర్పులు చాలా మారతాయి.

ఈ పని చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూపించే 'డైనమిక్ రేంజ్' (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా) అంకెను మాత్రం సమీక్షలో వేయకండి. సీడీకి వాడిన మాస్టర్‌నే ఎల్పీకి కోసినా, గాడిలోంచి తిరిగి వచ్చేసరికి శిఖరాల ఆకారం మారి అంకె మూడు నాలుగు ఎక్కువ చూపిస్తుంది. నొక్కింది నొక్కినట్టే ఉంటుంది. స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దముందో చూపే పటం) 22 కిలోహెర్ట్జ్ దగ్గర గోడలా ఆగితే సీడీ మూలమని అనుకోవచ్చు. ఆగకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు, ముల్లు పుట్టించే వికృత శబ్దం (డిస్టార్షన్) ఆ పైకి కూడా పోతుంది.

ఇక 'చివరి పాటలో స, ష శబ్దాలు చీదుతున్నాయి' అన్న ఫిర్యాదు మీ సమీక్షల్లో తరచూ కనిపిస్తోంది. రికార్డు అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెత్తుతుంది. లేబుల్ దగ్గర 21 మాత్రమే. అదే ఎస్ శబ్దం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. గుండ్రటి ముల్లు ఆ ఇరుకులోకి దిగలేదు. మైక్రోలైన్, షిబాటా అనే సన్నని కోత ముళ్లు దిగుతాయి. ప్రొట్రాక్టర్ (అమరిక కొలిచే పలక) మీద కార్ట్‌రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) పళ్లెం మధ్య నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర సరిగ్గా కూర్చుందా, ట్రాకింగ్ బరువు (ముల్లు గాడిని నొక్కే బరువు) తయారీదారు చెప్పిన హద్దులో పై కొసకు దగ్గరగా ఉందా చూసుకోవాలి. ఆ తరువాతే రికార్డును అనాలి. చాలామంది ఆ బరువు తగ్గించి 'రికార్డును కాపాడుతున్నాం' అనుకుంటారు. గాడిలో ఊగులాడే తేలిక ముల్లే గోడలను ఎక్కువగా గీకుతుంది.

అయితే ఇందులో పునర్ముద్రణ తప్పు ఉండే సందర్భమూ ఒకటుంది. రాక్ ఎల్పీకి ఒక వైపు 18 నుంచి 20 నిమిషాలు హాయిగా పడతాయి. బోనస్ పాటలు కుక్కి 27 నిమిషాలు చేస్తే గాళ్లు ఇరుకవుతాయి, స్థాయి తగ్గించాలి, బేస్ కోయాలి. సమీక్షలో ఒక్కో వైపు నిడివి వేస్తే కొనేవాడికి సగం విషయం అక్కడే అర్థమవుతుంది. 45 వేగంలో రెండు పళ్లేలుగా వేసిన ముద్రణలు అందుకే ఊపిరి పీల్చుకున్నట్టుంటాయి, నాలుగుసార్లు లేచి తిప్పే ఓపిక ఉంటే.

ముద్రణ దోషాలను మాస్టరింగ్ (కోతకు శబ్దాన్ని సిద్ధం చేసే పని) ఖాతాలో వేయడం ఇంకో అన్యాయం. రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. లేబుల్‌కు దగ్గర, 60 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో, శ్రుతి అటూ ఇటూ 0.8 శాతం ఊగుతుంది, 1.8 సెకన్లకోసారి. అర్ధస్వరం సుమారు 6 శాతం గనక ఇది అపస్వరంలా అనిపించదు, అలలా లేస్తూ పడుతూ ఉంటుంది. తీగ వంచి వాయించే గిటారులో దాక్కుంటుంది, పియానో సాగదీసిన స్వరంలో దొరికిపోతుంది. టోన్‌ఆర్మ్‌ను (ముల్లును మోసే చేతిని) పైనుంచి చూస్తే ఎడమకూ కుడికీ ఈదుతూ కనిపిస్తుంది. దీనికి ఇంజనీరు ఏం చేస్తాడు?

కాగితం చింపినట్టు 'చర్ర్' అని చాలాసార్లు ఒకే చానల్‌లో వినిపించేది వేరే జబ్బు. ప్రెస్సు చాలినంత వేడెక్కక ముందే మూసి తెరిస్తే కరిగిన వినైల్ స్టాంపరు గాడి గోడల దాకా పూర్తిగా నిండదు. ఏటవాలు వెలుతురులో అక్కడ సన్నని చుక్కల మచ్చ బూడిదరంగులో మెరుస్తుంది. ఎంత కడిగినా పోదు. దుమ్ము, అట్టలోపలి కాగితం నూగు వల్ల వచ్చే చిటపట మాత్రం కడిగితే పోతుంది. అందుకని కొత్త రికార్డయినా డిస్టిల్డ్ నీటితో కడిగి, ఆరాకే తీర్పు రాయాలి.

అనుమానం వస్తే రెండో ప్రతి తెప్పించుకోండి. 'చర్ర్' అదే పాటలో అదే చోట వస్తే ఆ బ్యాచ్ మొత్తం మీద రాయవచ్చు, రాయాలి కూడా. రాకపోతే మీకు వచ్చిన ఆ ఒక్క ప్రతే పాడైనట్టు. అప్పుడు నక్షత్రం తగ్గించకుండా వెనక్కి పంపండి.

ఇట్లు,
రికార్డులు వినే కొందరు పాఠకులు