ఆకుపచ్చ చీమిడికి అంత తొందరా?

సంపాదకులకు,

మారతహళ్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఆరేళ్ల మనవరాలికి జలుబు చేసిన అయిదో రోజున చీమిడి ఆకుపచ్చగా మారింది. ‘సైనస్’ అంటూ మా ఆయన మందుల దుకాణానికి వెళ్లి, డాక్టరు చీటీ లేకుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ పొడి సీసా తెచ్చారు. కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోసి కుదిపింది నేనే. తప్పులో నాకూ వాటా ఉంది. లేబుల్ మీద ఎర్ర గీతల మధ్య ఉన్న హెచ్చరిక, కళ్లజోడు పెట్టుకున్నాక గానీ కనిపించలేదు. మొదటి చెంచా పట్టకముందే కోడలు పిల్లను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

రంగును బట్టి బాక్టీరియా అనుకోకూడదన్నారావిడ. పది రోజులు దాటినా ముక్కు కారడం, దగ్గు తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా, 102 డిగ్రీలకు పైగా జ్వరం, చిక్కటి చీమిడి కలిసి మూడు రోజులు వరసగా ఉన్నా అప్పుడు యాంటీబయాటిక్ గురించి ఆలోచిస్తారట. అదీ సాధారణంగా అమాక్సిసిలిన్‌తో మొదలుపెడతారట. ఉప్పునీటి చుక్కలతోనే తొమ్మిదో రోజుకు పిల్ల బడికి వెళ్లింది.

సెఫిక్సిమ్ 2014 నుంచి హెచ్1 జాబితాలో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మందు ఎంతో పుస్తకంలో రాసి, దాన్ని మూడేళ్లు దాచాలి. మా ఆయన్ను అడిగింది మాత్రం చిల్లర ఉందా అనే. ఔషధ తనిఖీ అధికారులు ఒకసారి ఆ పుస్తకాలు తెరిపించి చూడాలి.

– ఒక నాయనమ్మ, మారతహళ్లి, బెంగళూరు