సీలు విప్పని పెట్టెకు ధర కంటే ముందు పుట్టుపూర్వోత్తరాలు అడగాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

అమెరికాలో పాత క్రీడా కార్డుల, అంటే ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయ్యే చిన్న అట్టముక్కల, ప్యాకెట్లు, పెట్టెలు లక్షల డాలర్లకు అమ్ముడవుతున్న తీరుపై ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. సీలు విప్పని బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కార్డుల ప్యాకెట్లను చాలాకాలంగా సేకరిస్తున్నవాడిగా, ఇక్కడి తెలుగు కుటుంబాల్లో పిల్లల పేరిట వాటిని కొనిపెట్టేవారు పెరుగుతుండటం చూస్తున్నవాడిగా, ఆ వ్యాసంలో చోటు దక్కని ఒక విషయాన్ని పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. విప్పని ప్యాకెట్ కొనేవారికి లోపలి కార్డు కనిపించదు. ఇంతవరకు ఎవరూ దాన్ని విప్పలేదన్న నమ్మకానికే వారు డబ్బు చెల్లిస్తారు. ఆ నమ్మకం ఎలా ఏర్పడుతుందో, ఎలా చెడుతుందో తెలియకుండా ధరలు మాత్రమే తెలుసుకుని రంగంలోకి దిగితే నష్టపోక తప్పదు.

1990ల ఆరంభం వరకు ఈ ప్యాకెట్లలో ఎక్కువ భాగం మైనం పూసిన కాగితంలో చుట్టినవే. సేకర్తలు నేటికీ వాటిని వ్యాక్స్ ప్యాక్‌లనే పిలుస్తారు. కార్డుల దొంతరతో పాటు ఒక పలచని బబుల్ గమ్ పలకను పెట్టి, కాగితాన్ని వెనకవైపు మడిచి, వేడి తగిలించి అతికించేవారు. ఆ వేడికి కరిగిన మైనం దానికి ఆనుకున్న కార్డు మీద మరకగా మిగిలేది. గమ్ తగిలిన కార్డు మీద గమ్ మరక పడేది. విప్పని ప్యాకెట్‌లో కార్డు కచ్చితంగా కొత్తగా ఉంటుందనుకోవడం పొరపాటని చెప్పడానికి ఈ రెండు మరకలే చాలు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అంత సులువుగా పడిన అతుకు అంతే సులువుగా విడిపోతుంది కూడా. మడతలకు కాస్త వేడి చూపించి, కాగితం విప్పి, మంచి కార్డు తీసేసి, దాని స్థానంలో మామూలు కార్డు పెట్టి, మళ్లీ అతికించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. పరిశీలించే నిపుణులు మైనం రెండోసారి కరిగిన జాడ కోసం, మొదటి మడత పక్కనే పడిన రెండో మడత గీత కోసం, కాగితం బిగువులో తేడా కోసం వెతుకుతారు. అనుభవం ఉన్న కన్ను చాలావరకు పట్టేస్తుంది గాని, ప్రతిసారీ పట్టగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పారదర్శకమైన ప్లాస్టిక్‌లో వచ్చే సెలో ప్యాక్‌లు, దుకాణంలో కొక్కేనికి వేలాడదీసే ర్యాక్ ప్యాక్‌ల పరిస్థితి మరోలా ఉంటుంది. వాటిలో పై కార్డు, అడుగు కార్డు బయటికే కనిపిస్తాయి. అక్కడ పేరున్న ఆటగాడి రూకీ కార్డు, అంటే వృత్తి జీవితపు తొలి రోజుల కార్డు, కనిపిస్తే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి మోసగాళ్ల దృష్టి కూడా సరిగ్గా అటువంటి ప్యాక్‌ల మీదే పడుతుంది. పెట్టెల విషయంలోనూ కొత్తవారు తరచూ పొరపడే అంశం ఒకటుంది. 1980ల మధ్య వరకు వచ్చిన వ్యాక్స్ పెట్టెల్లో చాలావాటికి ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ చుట్టేవారు కాదు. మూత తెరిచి గల్లా పక్కన నిలబెట్టేందుకు వీలుగా ఉండే మామూలు అట్టపెట్టెలవి. ఇవాళ వాటి మీద కనిపించే ప్లాస్టిక్ పొర తరువాత ఎవరో చుట్టినది. అది పేరున్న పరిశీలన సంస్థ చుట్టినదైతే ఆ సంస్థ మాటకున్న విలువ ఉంటుంది. ఎవరు చుట్టారో తెలియకపోతే ఆ పొరకు ఏ విలువా లేదు.

పాత ప్యాకెట్లు ఇంత అరుదుగా ఎందుకు మిగిలాయన్నది కూడా తెలుసుకోవాలి. 1952లో టాప్స్ అనే కార్డుల సంస్థ 407 వేర్వేరు కార్డులతో పెద్ద బేస్‌బాల్ సెట్ విడుదల చేసింది. ఒక సెంటుకు, ఐదు సెంట్లకు అమ్మిన ఆ ప్యాకెట్లను దాచుకునే ఆలోచన నాడు ఎవరికీ లేదు. పిల్లలు విప్పి, గమ్ నమిలి, కార్డులతో ఆడుకున్నారు. బేస్‌బాల్ దిగ్గజం మిక్కీ మాంటిల్ 311వ నంబరు కార్డుతో మొదలయ్యే చివరి విడత, బేస్‌బాల్ సీజన్ ముగిసే వేళకు వచ్చి సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన సరుకును 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించామని ఆ సెట్‌ను రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పారు. 2022 ఆగస్టులో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడైన మాంటిల్ కార్డు ఆ విడతలోనిదే. ఆ ధర చూసి ఆశ్చర్యపోయేవారు, అటువంటి కార్డులు పెట్టెలకు పెట్టెలు సముద్రం పాలయ్యాయన్న సంగతిని కూడా గుర్తుపెట్టుకుంటే అరుదుతనానికి అర్థం తెలుస్తుంది.

ఇక మీ వ్యాసం ప్రస్తావించిన 1986 నాటి ఫ్లీర్ సంస్థ బాస్కెట్‌బాల్ కార్డుల పెట్టె. అందులో 36 ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 12 కార్డులు, ఒక స్టిక్కర్ ఉంటాయి. మొత్తం 432 కార్డులు. సెట్‌లో ఉన్నవి 132 కార్డులు కాబట్టి, 57వ నంబరైన మైకేల్ జోర్డన్ కార్డు సగటున పెట్టెకు మూడు దాకా రావాలి. విడిగా ఒక ప్యాకెట్ కొనేవారు ఈ లెక్కను నమ్ముకుని, పదకొండింటిలో ఒకటో వంతు అవకాశం తమకూ ఉందనుకుంటారు. ఆ లెక్క ఎవరూ ముట్టని పెట్టెకు మాత్రమే వర్తిస్తుంది. యంత్రం కార్డులను పేర్చిన వరుస పూర్తిగా యాదృచ్ఛికం కాదు. ఒకదాని తరువాత మరొకటి వచ్చే క్రమాన్ని గమనించిన వ్యాపారులు, పెట్టెలో కొన్ని ప్యాకెట్లు విప్పగానే జోర్డన్ ఎటువైపు ఉండవచ్చో అంచనా కట్టగలరు. అలా విలువైనవి ఏరేసిన పెట్టెలోని మిగిలిన ప్యాకెట్లకు సీలు పోలేదు, మైనం చెదరలేదు, పరిశీలకుడికి తప్పు పట్టే అవకాశమూ లేదు. అయినా వాటిని పూర్తి పెట్టెలోని ప్యాకెట్ల ధరకు అమ్మడం వెన్న తీసేసిన మజ్జిగను పెరుగని చెప్పి అమ్మడమే. అందువల్ల విడి ప్యాకెట్ కొనేటప్పుడు అది ఏ పెట్టెలోనిదో, ఆ పెట్టెలోని మిగతా ప్యాకెట్లు ఏమయ్యాయో అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉందని, సమాధానం రాకపోతే కొనకుండా వెనుదిరగాలని నేను గట్టిగా చెబుతాను.

నిపుణుల పరిశీలన ఉంటే చాలదా అన్న ప్రశ్న సహజం. 2022 జనవరిలో జరిగిన ఒక ఉదంతం దీనికి జవాబు చెబుతుంది. అవి క్రీడా కార్డులు కావు, పోకేమాన్ కార్డులు. వ్యాపారం తీరు మాత్రం ఇదే. యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న లోగన్ పాల్ ముప్పై ఐదు లక్షల డాలర్లకు కొన్న సీలు విప్పని కేసును, అంటే అనేక పెట్టెలు ఉండే పెద్ద అట్టపెట్టెను, తెరిపించగా, అందులోని పెట్టెల్లో పోకేమాన్‌కు బదులు జి.ఐ. జో అనే సైనిక బొమ్మల కార్డులు బయటపడ్డాయి. ఆ కేసును అసలైనదని ముందుగా ధ్రువీకరించింది ఈ రంగంలో ఎంతో అనుభవం, మంచి పేరు ఉన్న సంస్థే. ఆ సంస్థను తప్పుపట్టడానికి ఈ ఉదాహరణ తీసుకోలేదు. బయటి అట్టను, టేపును, చుట్టును చూసి చెప్పే ఏ తీర్పుకైనా ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దుకు అవతల కొనేవారికి తోడుండేది ఆ పెట్టె ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు వచ్చిందన్న చరిత్ర మాత్రమేనని చెప్పడానికే తీసుకున్నాను.

2024 నుంచి మరో చిక్కు వచ్చిపడింది. పరిశ్రమల్లో లోహపు భాగాల లోపాలు కనిపెట్టేందుకు వాడే సీటీ స్కాన్ యంత్రంతో, ప్యాకెట్ విప్పకుండానే లోపలి కార్డులను గుర్తించే సేవను అమెరికాలో ఒక సంస్థ డబ్బులు తీసుకుని అందించడం మొదలుపెట్టింది. స్కాన్ చేసిన ప్యాకెట్ మీద ఏ గుర్తూ మిగలదు. ఇన్నాళ్లూ కాగితం, మైనం, ప్లాస్టిక్ అన్నవాటిలో ఏదో ఒకటి చెడితే గాని లోపలిది తెలిసేది కాదు. ఇప్పుడు ఏదీ చెడకుండానే తెలిసిపోతోంది. మంచి కార్డున్న ప్యాకెట్లను తమ దగ్గర ఉంచుకుని, లేనివాటిని సంతలోకి వదిలితే వాటిని గుర్తుపట్టే మార్గం కొనేవారికి లేదు. అమ్మకానికి పెట్టే ప్రతి ప్యాకెట్, ప్రతి పెట్టె విషయంలో తమకు తెలిసినంతవరకు స్కాన్ చేయలేదని లిఖితపూర్వకంగా చెప్పమని వేలం సంస్థలు అమ్మకందారులను కోరాలి. రాతపూర్వక హామీ మోసాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, మోసం బయటపడిన రోజున నష్టపోయినవారికి ఒక ఆధారమవుతుంది.

చరిత్ర ఉన్న పెట్టెకు ఎంత విలువ వస్తుందో చెప్పడానికి కెనడాలో దొరికిన కేసు కంటే మంచి ఉదాహరణ లేదు. 1979-80 నాటి, ఓ-పీ-చీ అనే కెనడా సంస్థ ఐస్ హాకీ కార్డుల కేసు ఒకటి సస్కాచవాన్ రాష్ట్రం, రెజైనా నగరంలో ఒక కుటుంబం ఇంట్లో బయటపడింది. అందులో 16 పెట్టెలు, పెట్టెకు 48 ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 14 కార్డులు, మొత్తం 10,752 కార్డులు. 396 కార్డుల సెట్ కాబట్టి 18వ నంబరైన, ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ రూకీ కార్డు సగటున 27 దాకా ఉండాలి. 2024 ఫిబ్రవరిలో ఆ కేసు 37 లక్షల 20 వేల డాలర్లకు అమ్ముడైంది. మధ్యలో పది మంది వ్యాపారుల చేతులు మారకుండా ఒకే ఇంట్లో ఉండిపోవడమే ఆ ధరకు వెన్నెముక అని నా నమ్మకం. లోపలి కార్డులన్నీ గొప్పగా ఉంటాయన్న భరోసా అక్కడా లేదు. ఓ-పీ-చీ కార్డులను తీగతో కోసేవారు గనుక అంచులు గరుకుగా ఉండటం మామూలే. బొమ్మ మధ్యకు రాకుండా ఒక పక్కకు జరిగిన కార్డులూ ఎక్కువే. విప్పి చూస్తే ఆ కేసు ఖరీదు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. విప్పనంత కాలం ఆ ప్రశ్నకు అవసరమే లేదు.

మీ వ్యాసంలోని ఒక వాక్యాన్ని మాత్రం సరిచేయక తప్పదు. ముప్పై ఏళ్లు దాటిన పెట్టె ఏదైనా విలువైనదేనన్న అర్థం వచ్చేలా అందులో రాశారు. 1980ల చివర, 1990ల తొలి ఏళ్లలో కంపెనీలు లెక్కాపత్రం లేనంతగా కార్డులు ముద్రించాయి. కార్డులతో కోటీశ్వరులు కావచ్చన్న ప్రచారం నమ్మి అప్పటికే జనం పెట్టెలను విప్పకుండా దాచడం మొదలుపెట్టారు. ముద్రించినవీ ఎక్కువే, దాచినవీ ఎక్కువే కావడంతో ఆ కాలపు పెట్టెల్లో చాలావాటికి నేటికీ చెప్పుకోదగ్గ ధర రాదు. మినహాయింపులు లేకపోలేదు. 1989లో అప్పర్ డెక్ సంస్థ, బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ కార్డును ఒకటో నంబరుగా పెట్టి, మైనపు కాగితానికి బదులు సులువుగా విప్పి అతికించడానికి వీల్లేని రేకు ప్యాకెట్లు తెచ్చింది. సీలు మీద నమ్మకం ఎంత అవసరమో ఆనాడే గుర్తించిన సంస్థగా దాన్ని నేను గౌరవిస్తాను. అయినా అవి కూడా లెక్కకు మిక్కిలిగానే అచ్చయ్యాయి. వయసును చూసి కొనమని పిల్లల తల్లిదండ్రులకు దయచేసి సలహా ఇవ్వకండి.

ఇంత జాగ్రత్త ఎందుకు, విడి కార్డులే కొనుక్కోవచ్చు కదా అని మిత్రులు అడుగుతుంటారు. డబ్బు దృష్టితో చూస్తే వారి మాట సబబే. కానీ ఒక కాలంలో ఆ ఆట పిల్లల చేతికి ఏ రూపంలో చేరిందో, కాగితం మీద ఏ ప్రకటన ఉందో, ధర ఎంత ఉందో, గల్లా పక్కన పెట్టె ఎలా నిలబడేదో తెలిపేది విప్పని పెట్టె ఒక్కటే. మన దగ్గర 1987 ప్రపంచ కప్ రోజుల్లో బిగ్ ఫన్ బబుల్ గమ్ కాగితాల మీది పరుగులు కూడబెట్టిన తరం ఇప్పుడు యాభైకి చేరువైంది, కొందరు దాటారు కూడా. ఆ బబుల్ గమ్ అమ్మిన పెట్టెను విప్పకుండా దాచినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. తెలుగునాట ఎవరి పాత కిరాణా దుకాణం అటక మీదైనా అటువంటిది మిగిలి ఉంటే, అది డాలర్లు తేకపోవచ్చు గాని, మన క్రికెట్ పిచ్చికి సంబంధించిన ఒక సాక్ష్యంగా తప్పక భద్రపరచదగినది.

చివరగా, పాత ఇళ్లలో గాని, మూతబడిన దుకాణాల్లో గాని ఇటువంటి పెట్టెలు దొరికినవారికి నా విన్నపం ఒక్కటే. వాటిని తుడవకండి, టేపు పీకకండి, లోపల ఏముందోనని ఒక మూల కూడా విప్పకండి. దొరికిన చోటనే, దొరికిన స్థితిలోనే ఫొటోలు తీయండి. దుకాణం బిల్లు, రవాణా చీటీ, అట్టపెట్టె మీది చిరునామా కాగితం వంటివి చెత్తగా కనిపించినా పారేయకండి. తేమ, వేడి తగలని చోట, పైన బరువు పడకుండా ఉంచండి. ఆ సరుకు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొన్నారో ఇంట్లో పెద్దవారికి గుర్తుంటే, వారి మాటల్లోనే రాయించి, తేదీ వేసి, సంతకం చేయించి పెట్టె పక్కనే ఉంచండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
న్యూజెర్సీ