క్లినికల్ మార్కులు ఎలా వేయాలని అడిగావు కదా

ఏమే, ఎలా ఉన్నావు? నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరీ చేరగానే పిల్లల క్లినికల్ అసెస్‌మెంట్, అదే పేషెంట్ల దగ్గర వాళ్ల పని చూసి మార్కులు వేయడం, నీ నెత్తిన పెట్టారని చదివితే సంతోషం వేసింది, నీ టెన్షన్ కూడా అర్థమైంది. చెక్‌లిస్ట్ ఉంది కదా, టిక్కులు పెట్టుకుంటూ పోతే సరిపోదా అని అడిగావు. సరిపోదు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకో.

చెక్‌లిస్ట్‌ని నేను తక్కువ చేయడం లేదు. మన రోజుల్లో ప్రాక్టికల్ అంటే ఏముండేది, ఎవరికి ఏ పేషెంట్ పడితే ఆ పేషెంట్, బయటినుంచి పరీక్ష పెట్టడానికొచ్చిన ఎక్స్‌టర్నల్ మేడమ్ మూడ్ ఎలా ఉంటే మార్కులు అలా. ఒకమ్మాయికి బెడ్ బాత్ వస్తే ఇంకొకమ్మాయికి రైల్స్ ట్యూబ్ ఫీడింగ్, అంటే ముక్కులోంచి వేసిన గొట్టంతో ఆహారం ఇవ్వడం. పరీక్షలో ఇలాంటి అదృష్టం పాలు తగ్గించాలనే 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్, ఆయన తోటివాళ్లు వైద్య విద్యార్థుల కోసం ఓస్కీ (OSCE, ఆబ్జెక్టివ్ స్ట్రక్చర్డ్ క్లినికల్ ఎగ్జామినేషన్) పద్ధతి తెచ్చారు. ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపించాలి, అందరికీ అవే స్టేషన్లు, అంతే టైమ్, బెల్ కొడితే పక్క స్టేషన్‌కి. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా 2021లో బీఎస్సీ నర్సింగ్‌ని సెమిస్టర్లకు మార్చినప్పుడు ఓస్కీని పెట్టింది, దాంతోపాటు వార్డులో పిల్ల పని చేస్తుండగా నేరుగా చూసి మార్కులు వేయడాన్నీ పెట్టింది. నన్నడిగితే ఈ రెండోదే అసలైన పరీక్ష. చాలాచోట్ల దాన్నే కంటితుడుపుగా కానిచ్చేస్తున్నారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

శ్వాస లెక్కపెట్టడమే తీసుకో. నాడి చూశాక చెయ్యి వదలకుండా, పేషెంట్‌కి తెలియకుండా ఛాతీ వైపు చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలని ప్రతి అమ్మాయీ వైవాలో గడగడా చెప్తుంది, ల్యాబ్‌లో తోటి పిల్ల మీద చక్కగా చేసి కూడా చూపిస్తుంది. అదే అమ్మాయి మార్నింగ్ డ్యూటీలో, రౌండ్స్ మొదలవుతున్నాయన్న హడావిడిలో, నాడి, శ్వాస, జ్వరం, బీపీ రాసే వైటల్స్ చార్ట్‌లో వరుసగా 20, 20, 20 అని రాసేసి పోతుంది. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు ముందుగా మారేవాటిల్లో శ్వాస వేగం ఒకటి కదే! నిజంగా 32 ఉన్న మనిషికి 20 అని రాసి ఉంటే, ఆ చార్ట్ చూసిన డాక్టర్ ఏమనుకుంటాడు?

1990లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ విద్యావేత్త నాలుగు మెట్లు చెప్పాడు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలరు, నిజంగా చేస్తున్నారు. థియరీ పేపర్ మొదటి రెండూ చూస్తుంది, ఓస్కీ మూడోది చూస్తుంది, నాలుగోది తెలియాలంటే వార్డులో నిలబడాల్సిందే. కాబట్టి చార్ట్ చూసి సంతకం పెట్టకు, పేషెంట్ దగ్గరికెళ్లి నువ్వూ ఒక నిమిషం లెక్కపెట్టు.

ఇంకోటి. మొన్న మా థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకతి ఐవీ ఇంజెక్షన్, అంటే నరంలోకి ఎక్కించేది, ఇవ్వడానికి వెళ్లింది. పేషెంట్‌కి ఏం చేయబోతోందో చెప్పలేదు, ఆ గడికి మార్కు పోయింది, పోవాల్సిందే. కానీ సిరంజి పెట్టబోతూ నరంలో పెట్టిన క్యాన్యులా గొట్టం దగ్గర కొంచెం ఉబ్బు చూసి, వేలితో తాకి చల్లగా ఉందని గమనించి, డ్రిప్ నరంలోకి కాక చుట్టూ పోతోందని అనుమానించి, మందు ఎక్కించకుండా ఆగి, డ్రిప్ ఆపేసి సిస్టర్‌ని పిలిచింది. దానికి మా చెక్‌లిస్ట్‌లో గడే లేదు! అన్ని గడులకీ టిక్కు పడ్డ ఇంకో అమ్మాయైతే ఆ చేతి వైపు సరిగ్గా చూసేదో లేదో. అందుకే టిక్కుల పక్కన మొత్తం మీద ఎలా చేసిందో ఒక రేటింగ్ వెయ్యి, నువ్వు కళ్లారా చూసింది రెండు లైన్లు రాయి. "బాగుంది", "ఇంకా మెరుగుపడాలి" లాంటివి రాయకు, అవి ఎవరికీ పనికిరావు. చెప్పాల్సింది ఆ రోజే చెప్పు, పేషెంట్ ముందు మాత్రం కాదు, పక్కకి పిలిచి చెప్పు.

పదిమంది విద్యార్థులకి ఒక టీచర్ అన్నది కౌన్సిల్ లెక్క, కానీ ఆ పదిమందీ నాలుగు వార్డుల్లో ఉంటే నువ్వేం చూస్తావు? రోజుకి ఇద్దర్నే ఎంచుకుని వాళ్ల వెంటే ఉండు. ఒకే అమ్మాయిని ఒక్కసారి చూసి తేల్చేయకు, వేర్వేరు పేషెంట్ల దగ్గర చూడు, వార్డు సిస్టర్‌ని కూడా అడుగు, మనకంటే ఆవిడకే ఎక్కువ తెలుస్తుంది.

ఇక అసలు కష్టం, ఫెయిల్ చేయడం. లోన్ తీసుకుని చదివిస్తున్న తల్లిదండ్రులు గుర్తొస్తారు, మేనేజ్‌మెంట్ గుర్తొస్తుంది, పోనీలే తర్వాత నేర్చుకుంటుందిలే అనిపిస్తుంది. మనకే కాదు, 2003లో స్కాట్లండ్‌లో కాథ్లీన్ డఫీ అనే ఆవిడ అధ్యయనం చేస్తే వార్డులో విద్యార్థుల్ని చూసుకునే అక్కడి మెంటర్లూ అంతే, అనుమానం ఉన్నా పాస్ చేసేస్తున్నారని తేలింది. ఈ మొహమాటానికి నాకు తెలిసిన మందు ఒక్కటే: వాళ్ల వార్డు పోస్టింగ్ సగంలో ఉండగానే చెప్పెయ్యి. ఫలానా తేదీన ఫలానా పని ఇలా చేశావు, ఇది ప్రమాదం, వచ్చే వారం మళ్లీ చూస్తాను అని రాసి, సంతకం తీసుకో. నేను చూసినంతలో చాలామంది ఆ వారంలోనే సర్దుకుంటారు. సర్దుకోకపోతే నీ చేతిలో కాగితం ఉంటుంది, ఎవరొచ్చి అడిగినా చూపించొచ్చు.

మా ఫారం ఫోటో తీసి పంపిస్తాను. వెంటనే వాడేయకు. ముందు నువ్వూ, వార్డు సిస్టరూ ఒకే అమ్మాయిని చూస్తూ విడివిడిగా మార్కులు వేయండి. బాగా తేడా వస్తే ఎక్కడొచ్చిందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, ఆ తర్వాతే పిల్లలకి మొదలుపెట్టు.

ఉంటానే.