ప్యాకేజీలో వైద్యుని వాటా ఎంతో తేల్చాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆరోగ్యశ్రీ బకాయిల మీద, సేవలు నిలిపివేస్తామన్న నెట్‌వర్క్ ఆసుపత్రుల (పథకంలో చేరిన ఆసుపత్రుల) హెచ్చరికల మీద పత్రికల్లో వస్తున్న వార్తలన్నీ డబ్బు ఇవ్వవలసిన ప్రభుత్వం గురించో, ఆ డబ్బు రావలసిన యాజమాన్యాల గురించో చెబుతున్నాయి. ఆపరేషన్ బల్ల మీద పడుకొనే రోగి, ఆ బల్ల పక్కన నిలబడి పనిచేసే వైద్యుడు మాత్రం ఆ వార్తల్లో ఎక్కడా కనిపించడం లేదు. నేను మత్తు వైద్యుణ్ణి. ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించిన తరువాత నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లోని నర్సింగ్ హోములకు పిలిచినప్పుడల్లా వెళ్లి కేసుకు ఇంత అని తీసుకొని మత్తు ఇస్తుంటాను. రోగికి ఏ ఆసుపత్రి, ఏ వైద్యుడు దొరుకుతాడన్నదీ, ఆ వైద్యునికి ఎంత, ఎప్పుడు ముట్టుతుందన్నదీ వేర్వేరు విషయాలుగా పైకి కనిపించినా, రెండూ ఒకే చోట నిర్ణయమవుతున్నాయని అక్కడ నిలబడి చూసేవారికి తెలుస్తుంది.

పథకం చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమో, ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని కూర్చోవడమో తప్ప పాలమూరు కూలీకి మరో దారి ఉండేది కాదు. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలకు పెంచారు. సభల్లోనూ ప్రకటనల్లోనూ వినిపించేది ఈ 10 లక్షల మాటే. కానీ ఒక పేద కుటుంబానికి ఒక ఏడాదిలో అంత ఖర్చయ్యే జబ్బు రావడం అరుదు. వారికి నిజంగా అవసరమైనది తమ ఊరికి దగ్గరలో, ఈ వారంలోనే, 30 వేలకో 40 వేలకో అయిపోయే ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ కార్డు మీద చేయడానికి ఒప్పుకొనే ఆసుపత్రి. అది దొరుకుతుందా లేదా అన్నది పరిమితి మీద కాక ప్యాకేజీ ధర మీద, ఆ ధర చేతికొచ్చే తేదీ మీద ఆధారపడి ఉంటుంది.

ప్యాకేజీ అంటే ఏమిటో పాఠకులకు కొంత వివరంగా చెప్పాలి. ఒక ఆపరేషన్‌కు పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు నిర్ణయించిన మొత్తంలోనే పరీక్షలు, మందులు, పడక, భోజనం, థియేటరు, నర్సులు, శరీరంలో అమర్చే ఇంప్లాంటు, ఇంటికి వెళ్లే దారిఖర్చు, డిశ్చార్జి తరువాత పది రోజుల మందులు, శస్త్రవైద్యుని ఫీజు, మత్తు వైద్యుని ఫీజు అన్నీ ఇమిడి ఉంటాయి. వీటిలో చాలావాటికి బయట ఒక ధర ఉంది. స్టెంటు ధరకు 2017 ఫిబ్రవరిలో, మోకీలు మార్పిడి ఇంప్లాంట్ల ధరకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. మందుల సరఫరాదారు, ఆక్సిజన్ సిలిండర్లవాడు, కరెంటు బిల్లు ఎవరూ ఆగరు. వీరందరికీ ఇవ్వగా మిగిలినది మనిషి పనికి దక్కుతుంది. ఫలానా ఆపరేషన్‌లో శస్త్రవైద్యునికి ఇంత, మత్తు వైద్యునికి ఇంత అని ఎక్కడా విడిగా రాసి లేదు గనుక, ధరలు పెరిగిన ప్రతిసారీ తరిగిపోయేది ఆ మిగులే. పదేళ్లకు పైగా కదలని ప్యాకేజీ ధరలను 2024 జూలైలో సగటున సుమారు 22 శాతం పెంచి, 163 కొత్త చికిత్సలను చేర్చారు. దాంతో జాబితాలోని చికిత్సలు 1,835కు చేరాయి. సంతోషమే. ఆ పెంపులో వైద్యుని వాటా ఎంత అని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగే కాగితం లేదు.

వైద్యుల సంపాదన గురించి పేదల పథకం సందర్భంలో మాట్లాడడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. అయితే ఆ మిగులు తగ్గినప్పుడు థియేటరులో ఏమవుతుందో వినాలి. అనుభవం గల మత్తు వైద్యుని బదులు తక్కువకు వచ్చేవారిని పిలుస్తారు. ఒక్కరినే పిలిచి పక్కపక్కనే రెండు బల్లలు నడిపిస్తారు. కేసు పూర్తయిన వెంటనే ఆయన మరో ఊరికి పరుగెత్తాలి గనుక, రోగి పూర్తిగా తెలివిలోకి వచ్చేదాకా చూసుకొనే బాధ్యత నర్సు మీద పడుతుంది. ఏ ఆసుపత్రికి వెళ్లాలో రోగి ఎంచుకొన్నాడనే అనుకొందాం. తనకు మత్తు ఇచ్చేది ఎవరన్నది అతనికి ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా తెలియదు, చాలాసార్లు ఆ తరువాత కూడా తెలియదు. ప్రాణం నిలబడడానికి శస్త్రవైద్యుడు ఎంత ముఖ్యమో మత్తు వైద్యుడూ అంతే ముఖ్యమని నేను చెబితే అది స్వవృత్తి అభిమానంగా కనిపించవచ్చు గనుక అక్కడితో ఆపుతాను.

ఇక చెల్లింపు తేదీ సంగతి. మిల్లుకు ధాన్యం తోలిన మిర్యాలగూడ రైతుకు క్వింటాలు ధర ఎంత ముఖ్యమో, డబ్బు ఎన్నాళ్లకు చేతికి వస్తుందన్నదీ అంతే ముఖ్యం. 2025 సెప్టెంబరులో 1,300 కోట్లకు పైగా బకాయిలున్నాయంటూ నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం రాష్ట్రమంతటా ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసి, చర్చల తరువాత కొద్ది రోజులకు విరమించింది. హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రికి ఇలాంటి ఆలస్యాన్ని తట్టుకొనే శక్తి ఉంది. అక్కడ నగదు కట్టేవారూ, ప్రైవేటు బీమావారూ, కంపెనీల ఉద్యోగులూ వస్తారు. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో 20 పడకలతో నడిచే నర్సింగ్ హోముకు అప్పు తప్ప ఆధారం లేదు. ట్రస్టు డబ్బు రాలేదన్న కారణంతో కేసు ఫీజు నెలల తరబడి ఆపిన ఆసుపత్రులు నా అనుభవంలో ఉన్నాయి. ఆ యాజమాన్యాల మీద నాకు కోపం కన్నా జాలే ఎక్కువ, ఎందుకంటే వారి పరిస్థితి కళ్లారా చూశాను. అలాంటి ఆసుపత్రి మొదట చేసే పని ఎక్కువ ఖర్చయ్యే కేసులను వదులుకోవడం, తరువాత చేసే పని "ఆరోగ్యశ్రీ బెడ్లు ఖాళీ లేవు" అని చెప్పడం, చివరికి నెట్‌వర్క్ నుంచే తప్పుకోవడం. అప్పుడు అమ్రాబాద్ మండలంలోని రోగి హైదరాబాదు దాకా పోవాలి. కార్డు చేతిలో ఉన్నా, ఎంచుకోవడానికి అతనికి మిగిలింది బస్సు మాత్రమే.

దూరం గురించి చెప్పేటప్పుడు రెండు ప్రాంతాలను ప్రత్యేకంగా తలచుకోవాలి. అలంపూర్‌వారికి తుంగభద్ర దాటితే కర్నూలు. తరతరాలుగా వారు వైద్యానికి వెళ్లేది అక్కడికే. రాష్ట్రం విడిపోయాక వంతెన దాటే ముందు కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోవలసి వస్తున్నది. అలాగే ముంబయి, పుణెలకు వలస వెళ్లిన పాలమూరు కూలీ అక్కడ కట్టడం మీద నుంచి పడితే రాష్ట్ర పథకం అతని వెంట అంత దూరం రాదు. 2018 సెప్టెంబరులో మొదలైన కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను తెలంగాణ 2021లో అమలులోకి తెచ్చుకొన్నది. దాని కింద ఇతర రాష్ట్రాల్లోనూ చికిత్స పొందవచ్చు గానీ ఆరోగ్యశ్రీ వర్తించే కుటుంబాలన్నీ దాని జాబితాలో లేవు. వలస మన ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు కొత్తది కాదు గనుక, ఈ లోపం పథకం రాసినప్పుడే కనిపించవలసింది.

రోగి ఎంపికను శాసించే మరో శక్తి గురించి వైద్యులు పైకి మాట్లాడరు. ఊళ్లో జ్వరానికి సూది వేసే ఆర్‌ఎంపీ ఏ ఆసుపత్రికి పంపితే రోగి అక్కడికే వెళతాడు. పంపినందుకు ఆర్‌ఎంపీకి ఆసుపత్రి కమీషన్ ఇస్తుంది. ఆ సంబంధాలు చూసుకోవడానికే ఆసుపత్రుల ప్రచార సిబ్బంది అయిన పీఆర్వోలు ఊళ్లు తిరుగుతుంటారు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడమూ తీసుకోవడమూ వైద్యునికి తగవని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి స్పష్టంగా నిషేధించింది. అయినా కమీషన్ ఇవ్వని యువ వైద్యుని ఓపీ ఖాళీగా ఉంటుంది, ఇచ్చేవారి ఓపీ నిండుతుంది. ప్యాకేజీ డబ్బులోంచి ఈ కమీషన్ కూడా పోవాలి గనుక, చికిత్స మీద పెట్టేది మరింత తగ్గుతుంది. దీనికి ప్రభుత్వాన్నో బీమా కంపెనీనో నిందించలేం. ఇది మా వృత్తిలోని మచ్చ, దీన్ని మేమే కడుక్కోవాలి.

ప్రైవేటు పాలసీ ఉన్న మధ్యతరగతి పాఠకులు ఈ బాధలు తమవి కావనుకోవచ్చు. వారి బిల్లులో వైద్యుని ఫీజు ఎలా కోతకు గురవుతుందో చూడండి. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 4 వేలు ఉండగా రోగి 8 వేల గదిలో చేరాడనుకొందాం. అద్దెలో తేడా ఒక్కటే కట్టుకోవాలని చాలామంది భావిస్తారు. కానీ చేరిన గది అద్దెకూ, పాలసీ అనుమతించే అద్దెకూ ఉన్న నిష్పత్తిలో మిగిలిన ఖర్చులనూ కోసే నిబంధన అనేక పాలసీల్లో ఉంటుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలను ఆ కోత నుంచి మినహాయించాలని బీమా నియంత్రణ సంస్థ 2020లో ఆదేశించింది. శస్త్రవైద్యుని ఫీజుకు, మత్తు వైద్యుని ఫీజుకు ఆ రక్షణ లేదు. 40 వేల ఫీజులో 20 వేలే కంపెనీ ఇస్తే, మిగిలిన 20 వేలు డిశ్చార్జి రోజున రోగి కుటుంబం కట్టాలి, లేదా వైద్యుడు వదులుకోవాలి. అదే ఆపరేషన్, అదే వైద్యుడు. అయితే గది అద్దెను బట్టి నైపుణ్యం విలువ సగమవుతుంది. పాలసీ తీసుకొనేటప్పుడు గది అద్దె పరిమితి ఉందో లేదో చూసుకోమని నా తోటి ఉద్యోగ విరమణదారులకు చెబుతుంటాను.

నియంత్రణ సంస్థ మంచి పనులూ చేసింది. 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం నగదు రహిత చికిత్సకు గంటలోగా అనుమతి చెప్పాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోగా రావాలి. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కూడా నగదు రహిత చికిత్స పొందే వీలును అదే ఏడాది జనవరిలో సాధారణ బీమా కంపెనీల మండలి ప్రకటించింది. కానీ ధర కుదరనప్పుడు ఈ సౌకర్యాలు నిలబడవు. 2025 ఆగస్టులో ప్రైవేటు ఆసుపత్రుల జాతీయ సంఘమొకటి ఏళ్ల తరబడి ధరలు పెంచలేదన్న కారణంతో రెండు బీమా కంపెనీల పాలసీదారులకు నగదు రహిత సేవలు ఆపుతామని ప్రకటించింది. ప్రీమియం ముందుగానే కట్టిన పాలసీదారుని ఎవరూ సంప్రదించలేదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ చిక్కుకు ఒక దారి ఉంది. అక్కడ చేసిన ఆరోగ్యశ్రీ కేసుల డబ్బులో కొంత భాగం వైద్య బృందానికి ప్రోత్సాహకంగా ఇస్తారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అంటే మన జిల్లాల్లో థియేటర్లూ, నిపుణులూ ఇప్పుడు ఉన్నారు. 2022లో నిబంధనలు సవరించి కొత్తగా నియమితులయ్యే ప్రభుత్వ వైద్యులకు ప్రైవేటు ప్రాక్టీసును నిషేధించారు గనుక, వారికి జీతం కాక దక్కేది ఈ ప్రోత్సాహకమే. అది ప్రతి నెలా జీతంతో పాటు వస్తే జిల్లా కేంద్రంలోనే మోకీలు మార్పిడులు, పిత్తాశయం ఆపరేషన్లు విరివిగా జరుగుతాయి, ప్రైవేటుకు పోనవసరం లేని నిజమైన ఎంపిక రోగికి ఏర్పడుతుంది. ఆలస్యమైతే ఆసక్తి చల్లబడుతుంది. "మత్తు డాక్టరు లేరు, రేపు రండి" అన్న మాట మళ్లీ వినబడుతుంది.

డబ్బు వదులుగా ఇస్తే దుర్వినియోగం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ తొలి సంవత్సరాల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు పెరగడంతో ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే ఫోన్ నంబరుకు ముడిపడి ఉన్నాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో బయటపెట్టింది. తనిఖీ ఉండవలసిందే. తప్పు చేసిన ఆసుపత్రిని తొలగించడం వేరు, తప్పు చేయని పదిమందికి డబ్బు ఆపి ఉంచడం వేరు.

ఇక మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల కీళ్లు బిగిసినవారికి, ఊరూరా ఉన్న బీపీ, షుగరు రోగులకు ఏడాది పొడుగునా కావలసింది ఓపీ వైద్యం, మందులు. మంచాన పడి ఆసుపత్రిలో చేరేదాకా ఏ బీమా పథకమూ వారివైపు ప్రధానంగా చూడదు. థాయిలాండ్ 2002 నుంచి ఓపీ వైద్యానికి తలకు ఇంత చొప్పున ముందుగానే చెల్లిస్తున్నది. అక్కడి పద్ధతిని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు అన్వయించవచ్చునేమో నిపుణులు పరిశీలించాలి. అది వేరే లేఖకు తగిన విషయం.

ప్రస్తుతానికి నేను కోరేది పెద్ద ఖర్చు లేని పనులే. ప్రతి ప్యాకేజీలోనూ శస్త్రవైద్యుని, మత్తు వైద్యుని వాటాను విడిగా ప్రకటించి, ఆ మొత్తాన్ని ట్రస్టు నేరుగా వారి ఖాతాలో జమ చేయాలి. రాష్ట్రంలోని క్లెయిములను 15 రోజుల్లో పరిష్కరించాలని ఆయుష్మాన్ భారత్ మార్గదర్శకాలు చెబుతున్నాయి గనుక, ఆరోగ్యశ్రీలోనూ అదే గడువు పాటించి, దాటిన రోజులకు వడ్డీ కట్టాలి. ఏ ఆసుపత్రి ఏ చికిత్సలు చేస్తున్నదో, ఆ నెలలో ఎన్ని కేసులను చేర్చుకోకుండా తిప్పి పంపిందో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. తదుపరి ధరలు నిర్ణయించే కమిటీలో కార్పొరేటు ఆసుపత్రుల ప్రతినిధులతో పాటు జిల్లా నర్సింగ్ హోము నడిపే ఒక శస్త్రవైద్యుణ్ణి, ఒక మత్తు వైద్యుణ్ణి కూర్చోబెట్టాలి. నన్ను పిలవనవసరం లేదు. ఇంకా ముప్పై ఏళ్లు పనిచేయవలసిన వారిని పిలిస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ మత్తు వైద్యుడు,
నల్లగొండ